మనిషిని బట్టి ఆసనం: మన పొరుగు జిల్లా కృష్ణమాచార్యుల కథ



పోయిన ఆదివారం మన సమావేశంలో ఒక మంచి మాట వచ్చింది. పొద్దున పూట హాలు ఖాళీగానే ఉంటోంది కదా, ఆరు గంటలకు యోగా క్లాసు పెడదాం అన్నారు. చేతులెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను. తర్వాత ఒకరు కాగితం తీసి చదివారు. అందులో ఇరవై ఆసనాల పేర్లు ఉన్నాయి. ఎనిమిదేళ్ళ పిల్లల నుంచి ఎనభై ఏళ్ళ పెద్దల దాకా అందరూ రోజూ అవే, అదే వరసలో, గంటలో ముగించాలి. అది వినగానే ఎత్తిన చేయి దించేశాను. ఎందుకు దించావని పక్కనున్న ఆయన అడిగారు. రెండు మాటల్లో తేలే సంగతి కాదని నవ్వి ఊరుకున్నాను. ఆ సంగతే ఇవాళ రాస్తున్నాను. ఎప్పటిలాగే పొడుగవుతుంది, కాఫీ పక్కన పెట్టుకుని చదవండి.

ముందు నా గొడవ చెప్పేస్తాను. కొన్నేళ్ళ కింద నేనొక యోగా శిబిరానికి వెళ్ళాను. ఏ ఊళ్ళో, ఎవరు పెట్టారు అన్నది అనవసరం. అప్పటికే నా నడుములో డిస్కు కాస్త జారి ఉంది. ఎడమ కాలు లాగుతూ ఉండేది. శిబిరంలో నూటికి పైగా మంది ఉన్నాం. పశ్చిమోత్తానాసనం వేయిస్తున్నారు. అంటే కాళ్ళు చాపి కూర్చుని ముందుకు వంగి బొటనవేళ్ళు పట్టుకోవాలి. నా చేతులు మోకాళ్ళు దాటలేదు. నేర్పే ఆయన వెనక నుంచి వచ్చి, "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ వీపు మీద నొక్కారు. లోపల ఏదో చురుక్కుమంది. ఆ తర్వాత మూడు నెలలు మంచం మీదే. ఆయన నన్ను ఏమీ అడగలేదు, నేను కూడా నోరు తెరిచి చెప్పలేదు. తప్పు ఇద్దరిదీ. కానీ మంచం మీద పడుకున్న ఆ మూడు నెలల్లో ఒక ప్రశ్న పట్టుకుంది. అసలు ఈ విద్య పుట్టినప్పుడు కూడా అందరికీ ఒకే కొలతేనా? ఆ ప్రశ్న వెంట పోతే దారి మన పొరుగు జిల్లాకే చేరింది.

ఇవాళ ప్రపంచమంతా చేస్తున్న ఆసనాల యోగంలో పెద్ద భాగం ఒకే మనిషి చేతుల మీదుగా వచ్చింది. ఆయన తిరుమల కృష్ణమాచార్యులు. పుట్టింది 1888 నవంబరు 18న, చిత్రదుర్గ జిల్లా ముచుకుందపురంలో. మనకు మొళకాల్మూరు, చళ్ళకెర పరాయి ఊళ్ళా? అక్కడి సంతల్లో కన్నడం, తెలుగు కలిసే వినిపిస్తాయి. తండ్రి పేరు శ్రీనివాస తాతాచార్యులు. తాతాచార్యులన్న పేరు విజయనగర రాజగురువులతో ముడిపడ్డ పేరని హంపి పక్కన బతికే మనకు ఒకరు చెప్పక్కర్లేదు. పదేళ్ళ వయసులో తండ్రి పోయాడు. కుటుంబం మైసూరు చేరింది. అక్కడి పరకాల మఠంలో చదువు మొదలైంది. తర్వాత కాశీ వెళ్ళి తర్కం, వ్యాకరణం, మీమాంస చదివారు. బెంగాలులో కృష్ణకుమార్ అనే వైద్యుని దగ్గర ఆయుర్వేదం నేర్చారు. ఈ చివరి ముక్క గుర్తు పెట్టుకోండి, ముందు ముందు అవసరం. మానస సరోవరం దగ్గర రామమోహన బ్రహ్మచారి అనే గురువు వద్ద ఏడున్నర ఏళ్ళు యోగం అభ్యసించానని ఆయన చెప్పుకున్నారు. గురుదక్షిణగా ఆ గురువు అడిగింది, ఇంటికి వెళ్ళి పెళ్ళి చేసుకుని, సంసారిగా ఉంటూ యోగం నేర్పమని.

1925లో నామగిరమ్మగారితో పెళ్ళయింది. యోగం నేర్పితే అన్నం పుట్టే కాలం కాదది. అన్ని శాస్త్రాలు చదివిన మనిషి హాసన్ జిల్లాలో కాఫీ తోటలో పని చేశారు. 1930లు మొదలయ్యాక మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ఆయన్ను చేరదీశారు. 1933లో జగన్మోహన ప్యాలెసులో యోగశాల తెరిచారు. 1934లో కన్నడంలో ఆయన రాసిన "యోగ మకరంద" అచ్చయింది. 1941లో "యోగాసనగళు" వచ్చింది.

ఇప్పుడు మన సమావేశంలో చదివిన ఆ ఇరవై ఆసనాల కాగితం దగ్గరికి వద్దాం. అలాంటి వరసలకు మూలం చాలావరకు ఈ యోగశాలే. అక్కడ నేర్చుకున్నది ఎవరు? రాజబంధువుల పిల్లలు, సంస్కృత పాఠశాల కుర్రాళ్ళు. ఒళ్ళు విల్లులా వంగే వయసు. వాళ్ళకు ఆచార్యులు ఎగిరి దూకుతూ, ఒక ఆసనంలోంచి ఇంకో ఆసనంలోకి ఊపిరి లెక్కతో సాగే వరసలు కట్టారు. మహారాజు అతిథుల ముందు ప్రదర్శనలు ఇప్పించేవారు. 1996లో నార్మన్ స్జోమన్ అనే పరిశోధకుడు మైసూరు ప్యాలెసు యోగ సంప్రదాయం మీద పుస్తకం రాస్తూ, ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు రాయించిన శ్రీతత్త్వనిధిలో 122 ఆసనాల బొమ్మలున్నాయని చూపించాడు. ప్యాలెసు వ్యాయామశాల కసరత్తులు కూడా ఈ వరసల్లో కలిశాయని ఆయన వాదన. 2010లో మార్క్ సింగిల్టన్ ఆ వాదనను ఇంకా విస్తరించాడు. ఒప్పుకునేవాళ్ళు, ఒప్పుకోనివాళ్ళు ఇద్దరూ ఉన్నారు. నాకు అర్థమైంది ఇది: ఆ వరస ఆ పిల్లలకు సరిపోయింది. అది వాళ్ళ కొలతకు కుట్టిన చొక్కా.

అక్కడ కూడా అందరికీ సరిపోలేదు. ఆచార్యుల బావమరిది ఒకడు కోలారు జిల్లా బెళ్ళూరు నుంచి వచ్చాడు. 1918లో పుట్టాడు. మలేరియా, టైఫాయిడ్, క్షయ వరసగా పీల్చి వదిలిపెట్టిన ఒళ్ళు. ఒక రోజు యోగశాలకు పెద్ద మనిషి వచ్చాడు. హనుమానాసనం వేసి చూపించమన్నారు ఆచార్యులు. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు పూర్తిగా చాపి నేల మీద కూర్చోవాలి. ఆ పిల్లవాడికి అది రాదు. తప్పించుకోవడానికి చెడ్డీ బిగుతుగా ఉందన్నాడు. ఆచార్యులు కత్తెర తెప్పించి చెడ్డీ రెండు పక్కలా కోయించారు. ఇక దారి లేదు. వేశాడు. తొడ వెనక కండరాలు చిరిగిపోయాయి. చాలా కాలం సరిగా నడవలేకపోయానని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. ఆ పిల్లవాడే బి.కె.ఎస్. అయ్యంగార్. ఆయన కథ మళ్ళీ వస్తుంది.

ఈ సంఘటన చదివినప్పుడు నా నడుము నాకు గుర్తొచ్చింది. ఆయుర్వేదం చదివిన ఆచార్యునికి కూడా, ప్రదర్శన కోసం చూసే కళ్ళు ఎదురుగా ఉన్నప్పుడు, పిల్లవాడి ఒళ్ళు కనబడలేదు. మనలాంటి వాళ్ళం ఎంత?

మరి శాస్త్రం ఏమంటోంది? కొంచెం ఓపిగ్గా వినండి, ఇది సంఘానికి అక్కరకొచ్చే భాగం.

ఆయుర్వేదంలో రెండు మాటలున్నాయి, ప్రకృతి, వికృతి. ప్రకృతి అంటే పుట్టుకతో వచ్చిన తీరు. సన్నగా, పొడిబారిన చర్మంతో, కీళ్ళు టకటకమంటూ, నిద్ర తక్కువగా, ఆలోచన వేగంగా ఉండేవారిది వాతం. ఆకలికి ఆగలేరు, ఎండకు ఓర్వలేరు, చెమట, కోపం రెండూ తొందరే, అలాంటివారిది పిత్తం. బరువైన ఒళ్ళు, గాఢనిద్ర, నెమ్మది, కదలడానికి బద్ధకం, కదిలితే ఓపిక, అది కఫం. చాలామందిలో రెండు కలిసి ఉంటాయి. వికృతి అంటే ఇవాళ్టి తేడా. అంటే జారిన డిస్కు, అరిగిన మోకాలు, విరిగి అతికిన చేయి, నిన్నటి జ్వరం. పుట్టుక తీరు తెలిసినా, ముందు చూడాల్సింది ఇవాళ్టి దెబ్బనే.

చరక సంహిత విమానస్థానంలో రోగిని పది విధాలుగా పరీక్షించమని ఉంది. ప్రకృతి, వికృతి, ధాతువుల సారం, ఒంటి కట్టు, కొలతలు, ఏది ఒంటికి అలవాటు, మనోబలం, తిండి అరిగించుకునే శక్తి, వ్యాయామ శక్తి, వయసు. చూశారా? ఎంత కసరత్తుకు తట్టుకుంటాడో, వయసెంతో, రెండూ ఆ పదిలో ఉన్నాయి. ఏడో శతాబ్దపు వాగ్భటుడు అష్టాంగ హృదయంలో ఇంకా సూటిగా చెప్పాడు. బలమున్నవాళ్ళు, నెయ్యీ నూనే తినేవాళ్ళు కూడా చలికాలంలో, వసంతంలో సగం శక్తి మేరకే వ్యాయామం చేయాలి. మిగతా రోజుల్లో ఇంకా తక్కువ. వాత పిత్త రోగులు, పసిపిల్లలు, ముసలివాళ్ళు, అజీర్ణంతో ఉన్నవాళ్ళు అసలు మానేయాలి. అతిగా చేసేవాడు ఏనుగును లాగబోయిన సింహంలా నశిస్తాడని హెచ్చరిక కూడా చేశాడు. సగం శక్తి ఎక్కడ అయిపోయిందో ఎలా తెలుస్తుంది? ఆయుర్వేద గ్రంథాలు గుర్తులిచ్చాయి. నుదుటి మీద, ముక్కు మీద, చంకల్లో చెమట పడుతుంది, నోరు ఎండుతుంది, ముక్కుతో తీసే ఊపిరి నోటికి మారుతుంది. అక్కడ ఆగిపోవాలి. మన బళ్ళారి ఏప్రిల్ ఎండలో ఆ గుర్తులు ఎంత తొందరగా వస్తాయో మీకు తెలుసు. ఇరవై ఆసనాల కాగితం డిసెంబరుకూ మే నెలకూ ఒకటే ఎలా అవుతుంది?

యోగ గ్రంథాలు కూడా అందరినీ ఒక గాటన కట్టలేదు. పదిహేనో శతాబ్దం నాటి హఠయోగ ప్రదీపికలో ధౌతి, నేతి లాంటి షట్కర్మలు కొవ్వు, కఫం ఎక్కువున్నవారికే చెప్పారు. దోషాలు సమంగా ఉన్నవారికి అక్కర్లేదన్నారు. ప్రాణాయామాల్లో సూర్యభేదనం వాతానికి, ఉజ్జాయి గొంతులోని కఫానికి, శీతలి పిత్తానికి అని విడదీశారు. సింహాన్ని, ఏనుగును, పులిని మచ్చిక చేసినట్టు ఊపిరిని మెల్లమెల్లగా లొంగదీయాలన్నారు. తొందరపడితే ఎక్కిళ్ళు, ఉబ్బసం, దగ్గు, తల, చెవి, కంటి నొప్పులు వస్తాయని కూడా అదే పుస్తకం చెబుతుంది.

నిజం చెప్పాలంటే పాత గ్రంథాల్లో ఏ ప్రకృతికి ఏ ఆసనం అన్న పట్టిక ఎక్కడా లేదు. ఇవాళ ఫోనుల్లో తిరిగే "వాతానికి ఈ పది, పిత్తానికి ఈ పది" అన్న పట్టికలు కొత్తగా కట్టినవి. శాస్త్రం ఇచ్చింది పట్టిక కాదు, చూసే పద్ధతి. ఆ పద్ధతిని ఆసనాలకు అతికించిన పని ఇరవయ్యో శతాబ్దంలో జరిగింది. అందులో ముందు వరసలో నిలిచిన మనిషి మళ్ళీ కృష్ణమాచార్యులే.

1940లో మహారాజు పోయారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక సంస్థానాల డబ్బు ఆగింది. 1950లో యోగశాల మూతపడింది. అరవై దాటిన వయసులో ఆచార్యులకు జీతం లేదు, శిష్యులు లేరు. కొన్నాళ్ళు బెంగళూరులో ఉన్నారు. తర్వాత పక్షవాతం వచ్చిన ఒక ప్రముఖ న్యాయవాదికి చికిత్స చేయమని మద్రాసు నుంచి పిలుపొచ్చింది. 1952 ప్రాంతంలో అక్కడికి చేరారు, అక్కడే స్థిరపడ్డారు.

ఇక్కడ ఆయన ముందున్నవాళ్ళు ఎవరో చూడండి. ఎగిరి దూకే కుర్రాళ్ళు కాదు. చేయి లేవని పక్షవాత రోగి. చక్కెర వ్యాధి ఉన్న గుమాస్తా. కాన్పు తర్వాత నడుము పట్టేసిన తల్లి. నిద్ర పట్టని ముసలాయన. మైసూరు వరస వీళ్ళకు ఏం పనికొస్తుంది? అప్పుడు బెంగాలులో నేర్చిన ఆయుర్వేదం అక్కరకొచ్చింది. మనిషి రాగానే ఆచార్యులు నాడి పట్టి చూసేవారు. చర్మం రంగు చూసేవారు. ఊపిరి చప్పుడు వినేవారు. తిండి, నిద్ర, ఉద్యోగం, ఇంటి పరిస్థితి అడిగేవారు. (నాడి పరీక్ష చరకంలో లేదు, శార్ఙ్గధర సంహిత కాలానికి వచ్చింది. మన తెలుగు వైద్యులు తరతరాలు వాడిన బసవరాజీయంలోనూ ఉంది.) ఆ తర్వాతే ఏం చేయాలో చెప్పేవారు. అదీ ఒక్కొక్కరికి విడిగా, తలుపు మూసి.

ఆయన పద్ధతిలో రెండు ఆయుర్వేద మాటలు తాళంచెవుల్లా పనిచేశాయి, బృంహణం, లంఘనం. బృంహణం అంటే పోషించడం, బలం పెంచడం. లంఘనం అంటే తేలిక చేయడం, తగ్గించడం. ఊపిరి లోపలికి తీయడం, కాస్త ఆపడం బృంహణం వైపు. ఊపిరి నిదానంగా పొడుగ్గా వదలడం లంఘనం వైపు. నీరసించిన మనిషికి ఒక రకంగా, ఒంట్లో వేడి, తలలో ఉద్రేకం ఎక్కువున్నవాడికి ఇంకో రకంగా అదే ఆసనాన్ని మార్చేవారు. పేరు అదే, లోపలి ఊపిరి వేరు. వయసును బట్టి కూడా విభజన చేశారు. పెరిగే పిల్లలకు ఒకటి, సంసారం మోసే నడివయసుకు ఒకటి, పెద్ద వయసుకు ఒకటి. ఉద్దేశాన్ని బట్టి శిక్షణ, రక్షణ, చికిత్స అని మూడు. నేర్చుకోవడానికి వచ్చిన ఆరోగ్యవంతుడికి శిక్షణ. ఉన్న ఆరోగ్యం నిలుపుకోవడానికి రక్షణ. జబ్బుతో వచ్చినవాడికి చికిత్స. మా శిబిరంలో నాకు చేసింది శిక్షణ. నాకు కావలసింది చికిత్స. తేడా అంతే, మూడు నెలల మంచం కూడా అంతే.

ఈ మద్రాసు రోజుల నుంచి ఒక కథ ఉంది. ఆచార్యుల కొడుకు దేశికాచార్ ఇంజనీరింగు చదివాడు. తండ్రి విద్య మీద పెద్ద ఆసక్తి లేదు. 1960ల మొదట్లో ఒక పొద్దున ఇంటి ముందు పెద్ద కారు ఆగింది. అందులోంచి దిగిన విదేశీ మహిళ పరుగున వచ్చి ఆచార్యులను కౌగిలించుకుంది. శ్రీవైష్ణవ పండితుణ్ణి, వీధిలో, అందరూ చూస్తుండగా! కొడుకు బిత్తరపోయాడు. ఆవిడ వెళ్ళాక ఏమిటని అడిగాడు. ఏళ్ళ తరబడి నిద్ర మాత్ర లేకుండా ఆవిడకు నిద్ర పట్టలేదట. రాత్రి మొదటిసారి మాత్ర లేకుండా పడుకుందట. ఆ కృతజ్ఞత అది. తండ్రి చదివిన అన్ని శాస్త్రాల కంటే ఆ ఒక్క నిద్ర కొడుకును మార్చింది. ఉద్యోగం వదిలి తండ్రి దగ్గర శిష్యుడయ్యాడు. 1976లో చెన్నైలో కృష్ణమాచార్య యోగ మందిరం స్థాపించాడు. మనిషి యోగానికి సరిపోవడం కాదు, యోగం మనిషికి సరిపోవాలి అన్నదే అక్కడి పాఠం. పతంజలి యోగసూత్రాల్లోని "వినియోగం" అన్న మాటను దేశికాచార్ ఈ పద్ధతికి వాడాడు. మెట్టు మెట్టుగా, తగినట్టు వాడుకోవడం అని అర్థం.

మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కూడా ఈ ఇంటి విద్యార్థే. మొదట అయ్యంగార్ దగ్గర నేర్చుకున్నారు. డెబ్బై ఏళ్ళ వయసులో దేశికాచార్ దగ్గర మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఎవరినీ గురువుగా ఒప్పుకోవద్దని ఊరూరా చెప్పిన పెద్దాయన, తన కొడుకు వయసు కుర్రాడి ముందు విద్యార్థిలా కూర్చున్నారు. వయసుతో ఒళ్ళు మారితే అభ్యాసం మారాలని ఆయనకు తెలిసింది.

ఇప్పుడు కండరం చిరిగిన పిల్లవాడి సంగతి. 1937లో అయ్యంగార్‌ను పూణె పంపారు. రోగిష్టి ఒళ్ళు, దెబ్బ తిన్న కాళ్ళు. నాడి, ప్రకృతి అన్న దారి ఆయనది కాదు. ఆయన కళ్ళతో ఎముకను, కండరాన్ని చూశాడు. వంగలేని వాడి చేతికి బెల్టు ఇచ్చాడు. నేల అందని చేతి కింద కొయ్య దిమ్మ పెట్టాడు. నిలబడలేని వాడికి గోడ, కుర్చీ, తాడు, మడిచిన దుప్పటి. ఇవాళ ప్రపంచంలో ఏ యోగా హాలుకు వెళ్ళినా కనబడే ఆ దిమ్మలు, బెల్టులు ప్రచారంలోకి తెచ్చింది ఎక్కువగా ఆయనే. 1952లో యెహుది మెనుహిన్ అనే జగత్ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు ఆయన శిష్యుడయ్యాడు. 1966లో ఆయన పుస్తకం "లైట్ ఆన్ యోగా" వచ్చింది. 1975లో పూణెలో భార్య రమామణి పేరిట సంస్థ కట్టాడు. 1979లో స్కూటర్ ప్రమాదాల్లో వెన్ను, భుజం దెబ్బతిన్నాయి. అరవై ఏళ్ళు దాటాక మళ్ళీ ఓనమాల నుంచి మొదలుపెట్టి ఏళ్ళ తరబడి సాధన చేసి లేచాడు. దెబ్బ తగిలిన మనిషే దెబ్బ తగిలినవాళ్ళకు దారి వేశాడు. 2014లో, 95 ఏళ్ళ వయసులో పోయారు.

గురువు చివరి పాఠం దీనికంటే గొప్పది. 96 ఏళ్ళ వయసులో కృష్ణమాచార్యులు పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషను వద్దన్నారు. ఒకప్పుడు కుర్రాళ్ళను గాల్లో దూకించిన మనిషి, పడుకునే చేయగల అభ్యాసం ఒకటి తనకోసం తానే కట్టుకున్నారు. ఊపిరి, చిన్న కదలికలు, జపం. నూరేళ్ళు నిండాక 1989 ఫిబ్రవరి 28న కన్నుమూశారు. మైసూరులో బావమరిది చెడ్డీ కోయించిన నాటి ఆచార్యులు, మంచం మీద తనకు తగ్గ కదలికను వెతుక్కున్న ఆచార్యులు, ఇద్దరూ ఒకే మనిషి. ఆ రెంటి మధ్య యాభై ఏళ్ళలో ఆయన నేర్చుకున్నదే మనకు కావలసిన యోగం. తుంటి విరిగితే అందరూ ఆపరేషను మానండి అని దీని అర్థం కాదు సుమా. అది ఆయన నిర్ణయం, ఆయన ఒంటికి. మనం మాత్రం ఎముకల డాక్టరు దగ్గరికే వెళ్దాం.

ఇక మన ఊరికి వద్దాం. మన ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలకు తారానాథ్ పేరు ఎందుకుందో మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? పండిత తారానాథ్ 1891లో మంగళూరులో పుట్టారు. రాయచూరులో హమ్‌దర్ద్ పాఠశాల నడిపారు. తర్వాత తుంగభద్ర ఒడ్డున ప్రేమాయతనం అనే ఆశ్రమం పెట్టారు. వైద్యం, సంగీతం, సాహిత్యం మూడూ ఆయన చేతిలో ఉండేవి. మన బళ్ళారి రాఘవగారికి ఆయనంటే ప్రాణం. సరోద్ విద్వాంసుడు రాజీవ్ తారానాథ్ ఆయన కొడుకే. 1942లో పోయిన ఆ వైద్యుని పేరు మోసే కళాశాల మన ఊళ్ళోనే ఉండగా, ప్రకృతి పరీక్ష కోసం మనం ఫోనులో వీడియోలు చూస్తున్నాం.

మన సభ్యులనే ఒకసారి తలుచుకోండి. జీన్స్ యూనిట్లో రోజంతా మిషను ముందు వంగి కూర్చునే తమ్ముడి మెడ, నడుము ఒక రకం. అతను ఇంకా ముందుకు వంగాలా, వెనక్కు తెరుచుకోవాలా? సండూరు దారిలో లారీ తోలి వచ్చిన అన్న వెన్ను ఇంకో రకం. సన్నగా, వణుకుతూ, రాత్రి నిద్ర పట్టని అత్తమ్మకు వేగంగా ఇరవై సూర్యనమస్కారాలు చేయిస్తే ఆ రాత్రి కూడా నిద్ర పోతుంది. ఆమెకు నిదానం, వెచ్చదనం, పొడుగు ఊపిరి కావాలి. అదే వయసున్న బరువైన పెద్దమ్మ పడుకునే వ్యాయామం మాత్రమే చేస్తే ఇంకా బద్ధకిస్తుంది. ఆమెను కాస్త కదిలించాలి, అయితే మోకాలు చూసుకుని, కుర్చీ పట్టుకుని. కోపం, ఆమ్లపిత్తం ఉన్న మా వయసు మగవాళ్ళు మే నెలలో పోటీలు పడి చెమటలు కక్కకూడదు. రక్తపోటు ఎక్కువున్నవారు, కంట్లో గ్లకోమా ఉన్నవారు శీర్షాసనం జోలికి పోకూడదు. ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ళను ముందుకు బలంగా వంచకూడదు. నాలాంటి డిస్కు మనిషి పశ్చిమోత్తానాసనం బదులు, వెల్లకిలా పడుకుని ఒక్కొక్క మోకాలు మెల్లగా దగ్గరికి తెచ్చుకోవచ్చు, అదీ డాక్టరు సరే అన్నాక. నేను ఇప్పుడు చేస్తున్నది అంతే. పదిహేను నిమిషాలు. చూసేవాళ్ళకు యోగా చేస్తున్నట్టే ఉండదు. కాలు లాగడం మాత్రం తగ్గింది.

వాతం, పిత్తం, కఫం అన్న మాటల మీద మీకు నమ్మకం లేకపోవచ్చు. మన సంఘంలోనే ఇంగ్లీషు వైద్యం చదివిన డాక్టర్లున్నారు, వాళ్ళు నవ్వచ్చు. నవ్వనీయండి. ఆ మాటలు పక్కన పెట్టినా వాటి వెనకున్న ప్రశ్నలు మిగులుతాయి. నీ వయసెంత? ఎక్కడ దెబ్బ తగిలింది? ఎలా నిద్రపోతావు? ఏం తింటావు? ఏం పని చేస్తావు? ఎంత కదిలితే ఆయాసం వస్తుంది? ఈ ప్రశ్నలు అడగకూడదని ఏ వైద్యమూ అనదు.

కాబట్టి సంఘానికి నా విన్నపం మూడు ముక్కలు. ఒకటి, క్లాసు పెట్టండి, కానీ మొదటి వారం ఆసనాలు వద్దు. చరకుడి పది పరీక్షలను మన మాటల్లోకి మార్చి ఒక కాగితం వేద్దాం. ప్రతి సభ్యుడూ నింపాలి. పాత దెబ్బలు, ఆపరేషన్లు, వాడే మందులు దాచకుండా రాయాలి. ఆ కాగితాలు నేర్పే మనిషి దగ్గరే ఉండాలి, హాలు గోడకు అంటించడానికి కాదు. ఆయుర్వేద కళాశాల వైద్యులను, మన సంఘం డాక్టర్లను ఒక రోజు పిలిచి చూపిద్దాం. రెండు, హాలులో ఇరవై కుర్చీలు, పది దుప్పట్లు, గోడ పక్కన ఖాళీ స్థలం ఉంచుదాం. కుర్చీలో కూర్చుని చేసేవాణ్ణి తక్కువగా చూసే చూపు మానేద్దాం. మూడు, ఎవరి వీపు మీదా ఎవరూ నొక్కకూడదు. ఇది నా సొంత నియమం, దీనికి శాస్త్ర ప్రమాణం అడగకండి.

మన సమావేశాలకు ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే ఒక పెద్దమ్మ, ఈ మధ్య మోకాళ్ళ వల్ల రావడం మానేశారు. యోగా క్లాసు అంటున్నారు, వస్తారా అని నిన్న ఫోన్ చేశాను. "నాకేం వస్తుంది నాయనా, కింద కూర్చోలేను కదా" అన్నారు. కుర్చీ వేస్తామమ్మా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కుర్చీ ఏ పక్క వేస్తారు? ఫ్యాను కింద వద్దు, నాకు పడదు" అన్నారు.

ఆవిడ కాగితం నింపడం అప్పుడే మొదలుపెట్టేశారు. మిగతావాళ్ళం ఎప్పుడు మొదలుపెడదామో వచ్చే ఆదివారం తేల్చుకుందాం. ఆచార్యుల గురించి, తారానాథ్ గారి గురించి మీ ఇళ్ళలో పెద్దవాళ్ళకు తెలిసిన సంగతులుంటే కింద రాయండి. అన్నీ కలిపి దాచుకుందాం.